కొసరమ్మ పంక్తి

కాటుకకోనలో మిట్టమధ్యాహ్నం కూడా మిణుగురులు తిరుగుతాయి. మానుకీ మానుకీ మధ్య నాగుపాముల్లా వేలాడే తీగలు, తీగల మీద నిప్పుకణికల్లాంటి పూలు, పూల చుట్టూ మనిషి గొంతుతో మూలిగే తుమ్మెదలు, ఏనుగు తొండమంత లావున్న వేళ్ళు, వాటి సందుల్లో నీలంగా మెరిసే నీటిగుంటలు. ఆ అడవిని వర్ణించి రమ్మని స్వర్ణమేఖల రాజ్యం ఒకప్పుడు ఆస్థానకవిని పంపింది. ఆయన తిరిగి రాలేదు. అందువల్ల వర్ణన ఇంతవరకే ఉంది.

ఆ చీకట్లో నాలుగు రోజులుగా ఇద్దరు నడుస్తున్నారు. ముందు నడుస్తున్నవాడు మిరియాల వర్తకుడి వేషంలో ఉన్న గుండన. వెనక మూట మోస్తున్నవాడు అతని పనివాడి వేషంలో ఉన్న యువరాజు సుధన్వుడు.

గుండన మేఘవాహన మహారాజుకు ఇరవై రెండేళ్ళుగా రుచి చూసే ఉద్యోగి. రాజుగారి కంచంలోకి వెళ్ళే ప్రతి పదార్థంలోంచి ముందుగా ఒక ముద్ద తిని, నూరు లెక్కపెట్టి, అప్పటికీ తాను నిలబడే ఉంటే "చిత్తం" అనాలి. ఆ మాట వినపడితే రాజుగారు చెయ్యి కడుక్కుంటారు. ఇన్నేళ్ళలో గుండన తొమ్మిదిసార్లు విషం తిన్నాడు. అందులో రెండుసార్లు బెల్లంతో కలిపి పెట్టారు. ఆ పెట్టినవాళ్ళ మీద అతనికి ఇప్పటికీ కొంత గౌరవం ఉంది.

మూడేళ్ళ కిందట మహారాజు ఈ అడవికి వేటకు వచ్చి మాయమయ్యారు. రాజు కనిపించక మూడేళ్ళు నిండితే సింహాసనం సేనాపతిదని ఆ దేశపు ధర్మం. నిండడానికి ఇంకా పదకొండు రోజులున్నాయి. వెతకడానికి వెళ్ళిన దండు సేనాపతిదే కనక, అది ఎంతో శ్రద్ధగా వెతికి ఏమీ కనిపెట్టలేదు. చివరికి యువరాజే బయలుదేరాడు. సేనాపతి వేగుల కళ్ళు కప్పడానికి మూట ఎత్తుకున్నాడు.

"గుండన్నా, నా భుజం ఊడిపోతోంది."

"బాబూ, నేను ఇప్పుడు అయ్యగారిని."

"అయ్యగారూ, నా భుజం ఊడిపోతోంది."

"మూటలో బూడిద నింపుదామన్నాను. తమరే నిజం మిరియాలు కావాలన్నారు."

"వేషమన్నాక పూర్తిగా ఉండొద్దూ?"

"పూర్తిగా ఉండాలంటే పనివాడు ఇన్నిసార్లు ఆగడు. నిన్న ఆ బోయవాడు నమస్కారం పెడితే తమరు చెయ్యెత్తి దీవించారు."

"అలవాటు."

"అతను మూటకేసి ఒకసారి, చేతికేసి ఒకసారి చూశాడు. మంచివాడు కాబట్టి ఏమీ అడగలేదు."

అక్కడినుంచి అడవి తీరు మారింది. అంతవరకు ఇష్టం వచ్చినట్టు పెరిగిన చెట్లు ఇప్పుడు బారులు తీరి ఉన్నాయి. రెండేసి బారులు ఒకదానికొకటి ఎదురెదురుగా, మధ్యలో నాలుగడుగుల సందు. అన్నీ టేకు మానులే. అన్నీ ఒకే ఎడంలో ఉన్నాయి. గుండన ఆ సందులో నుంచుని చేతులు చాపి చూశాడు. ఒక మనిషి అన్నపు గంప పట్టుకుని వంగుతూ నడవడానికి సరిగ్గా సరిపోతుంది.

"ఎవరో పనిగట్టుకుని నాటారు" అన్నాడు సుధన్వుడు.

"ఎవరు నాటినా వాళ్ళకి పెళ్ళి భోజనాలు తెలుసు" అన్నాడు గుండన.

అప్పుడు వచ్చింది వాసన. నేతిలో ఇంగువ వేగుతున్న వాసన. నాలుగు రోజులుగా నానబెట్టిన అటుకులు తింటున్న యువరాజు మూట నేల మీద పడేసి పరుగెత్తాడు. వేషం గురించి గుండన ఏదో అనబోయి, తన కాళ్ళు కూడా పరుగెడుతున్నాయని గమనించి ఊరుకున్నాడు.

బారులు ముగిసిన చోట ఒక మండువా ఇల్లు ఉంది. గోడలకు పసుపు, గడపకు ఎర్రమన్ను, దూలాలకు చెక్కిన నెమళ్ళు, నెమళ్ళ ముక్కులకు వేలాడే దీపాలు. పందిట్లో రెండు వందల పీటలు వరసగా వేసి ఉన్నాయి. నూట తొంభై తొమ్మిది ఖాళీ. మొదటి పీట మీద, విస్తరి ముందు, మేఘవాహన మహారాజు కూర్చుని అన్నం తింటున్నారు.

రొమ్ము దాకా ఆయన మహారాజే. రొమ్ము కింద టేకు.

"నాన్నగారూ!" అని అరిచాడు సుధన్వుడు.

మహారాజు కళ్ళు పెద్దవయ్యాయి. కానీ నోట్లో ముద్ద ఉంది. నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడడం ఆ వంశంలో ఎనిమిది తరాలుగా లేదు. ఆయన ఎడమచెయ్యి ఎత్తి గట్టిగా ఊపారు. కొడుకు దాన్ని దీవెన అనుకుని వంగి నమస్కరించాడు.

వంటింట్లోంచి ఒక ఆవిడ వచ్చింది. నలభై ఏళ్ళకు మించని ముఖం, చెవులకు బరువైన కమ్మలు, నడుముకు దోపిన కొంగు, చేతిలో గరిటె. ఎవరి ఇంటి పెళ్ళిలోనైనా కనిపించే మనిషిలాగే ఉంది. అడవి అంచు పల్లెల్లో ఆమె పేరు ఎత్తరు. ఎత్తక తప్పనప్పుడు కొసరమ్మ అంటారు.

"వచ్చావా నాయనా! ఎంత చిక్కిపోయావు. ఏ తల్లి కన్నబిడ్డవో" అంటూ రాజుగారి పక్కన విస్తరి వేసి, నీళ్ళు చిలకరించి, పప్పు వడ్డించింది. "వేసిన విస్తరిని ఖాళీగా వదిలిపెట్టకూడదు. తండ్రి తింటుంటే కొడుకు నిలబడకూడదు. కూర్చో."

రెండూ నిజమే. సుధన్వుడు చిన్నప్పటినుంచీ విన్నవే. కూర్చున్నాడు.

మహారాజు ముప్ఫై రెండోసారి నమిలి, మింగి, పైపంచెతో మూతి తుడుచుకుని, "కూర్చోవద్దు నాయనా" అన్నారు.

పీట 'టక్' మంది. సుధన్వుడు లేవబోయాడు. కాళ్ళు రాలేదు. కాలివేళ్ళకేసి చూసుకున్నాడు. గోళ్ళ స్థానంలో లేత చిగుళ్ళు ఉన్నాయి.

"నువ్వూ కూర్చో నాయనా" అంది కొసరమ్మ గుండనతో.

"మా మహారాజు పంక్తి నుంచి లేవందే నేను కూర్చోనమ్మా. నాది రుచి చూసే ఉద్యోగం. అది మాకు నియమం."

కొసరమ్మ ముఖం వికసించింది. "ఎంత మర్యాద! ఈ రోజుల్లో ఎవరికుంది? సరే, ఆయన లేచాకే కూర్చుందువు గాని. కాళ్ళు కడుక్కో. పెరటి గుమ్మం దగ్గర కడవలో నీళ్ళున్నాయి. వంకాయ మాడుతోంది, ఇప్పుడే వస్తాను." ఆమె లోపలికి వెళ్ళింది.

"గుండనా, దగ్గరకి రా" అన్నారు మహారాజు. "ముద్దకీ ముద్దకీ మధ్య చెబుతాను."

ఆయన చెప్పింది ఇది. చాలాకాలం కిందట ఈ ఇంటికి ఒక ముని వచ్చాడు. కొసరమ్మ ఇరవై ఒక్క వంటకాలు వడ్డించి మజ్జిగ మరిచిపోయింది. ముని అన్నీ తిన్నాక కోపం తెచ్చుకుని, "మజ్జిగ లేని నీ పంక్తి ఎన్నటికీ ముగియకుండు గాక! అది ముగిసేదాకా నీకు చావు లేకుండు గాక!" అన్నాడు. మునులు శపించేటప్పుడు అన్ని వైపులా ఆలోచించరు. కొసరమ్మ ఆలోచించింది. మర్నాడే తన గేదెను అడవిలోకి తోలేసింది. ఆనాటి నుంచి ఈ ఇంట్లో పప్పు వస్తుంది, కూర వస్తుంది, పులుసు వస్తుంది, చారు వస్తుంది, మళ్ళీ పప్పు వస్తుంది. మజ్జిగ రాదు. మజ్జిగ రాకుండా భోజనం అయిందనడానికి లేదు, భోజనం కాకుండా పంక్తి లేవడానికి లేదు. కూర్చోగానే కాలివేళ్ళతో మొదలై, తిన్న ప్రతి ముద్దకూ మనిషి కొంచెం కొంచెం మాను అవుతాడు. పూర్తిగా మానయ్యాక ఆమె బయట బారులో నాటి నీళ్ళు పోస్తుంది.

"తినడం మానెయ్యొచ్చు కదా నాన్నగారూ?" అన్నాడు సుధన్వుడు.

"నాలుగు రోజులు మానేశాను. ఆవిడ ఎదురుగా కూర్చుని ఏడ్చింది. ఆడమనిషి ఏడుస్తుంటే ఎంతసేపు చూస్తాం?"

"మీతో వచ్చిన వేటగాళ్ళు?"

"వాళ్ళు త్వరగా తినేవాళ్ళు" అన్నారు మహారాజు. "ముద్దకు ముప్ఫై రెండుసార్లు నమలమని మా అమ్మ చెప్పేది. ఆమె పుణ్యాన మూడేళ్ళు ఆగాను. నువ్వు కూడా మెల్లిగా తిను నాయనా."

సుధన్వుడు తింటున్నాడు. నాలుగు రోజుల ఆకలి, పైగా ఎదురుగా వేడి పప్పు. చెయ్యి అతని మాట వినడం లేదు. గుండన చూస్తుండగానే చీలమండ దాటి పిక్కల దాకా నునుపైన బెరడు పాకింది.

"బాబూ, నమలండి."

"నములుతున్నాను!"

"ఎన్నిసార్లు?"

"రెండు."

గుండన పెరటి గుమ్మంలోకి వెళ్ళి, కడవలో నీళ్ళు పారబోసి, కడవ భుజాన పెట్టుకుని అడవిలోకి పరుగెత్తాడు.

గేదె జాడ కనిపెట్టడానికి పెద్ద తెలివి అక్కర్లేకపోయింది. వాగు దాటాక అరకోసు మేర చెట్లన్నీ ఒకే ఎత్తులో విరిగి ఉన్నాయి. ఆ విరిగిన చెట్ల నడుమ, బురద మడుగులో, అది నిలబడి ఉంది. కొండరాయికి ప్రాణం వచ్చినట్టుంది. కొమ్ములు రెండు నెలవంకల్లా వంగి మళ్ళీ పైకి లేచాయి. వాటి మీద కొంగలు గూళ్ళు కట్టుకున్నాయి. ముక్కుపుటాల్లోంచి వచ్చే ఆవిరికి మడుగు మీద చిన్న మబ్బు నిలబడింది. కళ్ళు రెండూ కుంపట్లు. దాని పొదుగు నేలకు జానెడు ఎత్తులో వేలాడుతోంది.

అది గుండనను చూసింది. రంకె వేసింది. ఎదుటి చెట్టు ఆకులు రాలిపోయాయి.

గుండన పక్క చెట్టు ఎక్కాడు. గేదె ఆ చెట్టును కొట్టింది. చెట్టు పడింది. గుండన గేదె మీద పడ్డాడు. గేదె పరుగు లంకించుకుంది. కడవ ఒక చేత్తో, కొంగ గూడు ఒక చేత్తో పట్టుకుని అతను వీపు మీద బోర్లా పడుకున్నాడు. ముళ్ళపొదలు వెళ్ళాయి, తేనెపట్టు ఒకటి వెళ్ళింది, తేనెపట్టులోంచి తేనెటీగలు బయలుదేరాయి. గేదె వాటిని వదిలించుకోవడానికి మళ్ళీ మడుగులోకే దూకింది. ఇద్దరూ మునిగారు. తేనెటీగలు మడుగు మీద కాసేపు తిరిగి, పని ఉన్నట్టు వెళ్ళిపోయాయి.

గుండన పైకి తేలేసరికి గేదె కదలకుండా నిలబడి ఉంది. దాని కుంపటి కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. అప్పుడు అతనికి అర్థమైంది. ఇన్ని తరాలుగా దాన్ని ఎవరూ పితకలేదు. చెట్లను పడగొట్టడం కోపం కాదు, సలుపు.

"ఓ తల్లీ" అని అతను దాని డొక్క నిమిరాడు. "మా అమ్మకి మూడు గేదెలుండేవి. నాకు చేతనవును. కాలు మాత్రం కదపకు."

గేదె కాలు కదపలేదు. పొదుగులోంచి వచ్చినవి పాలు కావు. అంతకాలం లోపలే ఉండి అవి గడ్డపెరుగై ఉన్నాయి. కడవలోకి ముద్దలు ముద్దలుగా పడింది. గుండన తోడు కోసం ఎక్కడికి పరుగెత్తాలా అని అప్పటివరకు దిగులుపడ్డాడు. ఆ ఒక్క దిగులూ తీరింది. రెండు చన్నులు పితికేసరికి కడవ నిండింది. అతను లేచాడు.

గేదె వెనక్కి తిరిగి చూసింది. దానికి నాలుగు చన్నులున్నాయి.

"మళ్ళీ వస్తాను తల్లీ" అన్నాడు గుండన. గేదె ఆ మాట నమ్మలేదు.

అతను పరుగెత్తాడు. అది వెంటపడింది. విరిగిన చెట్ల మీదుగా, వాగులోంచి, టేకు బారుల సందుల్లోంచి అరకోసు పరుగు. వెనక భూమి అదురుతోంది, భుజం మీద కడవ ఎగిరెగిరి పడుతోంది, లోపల పెరుగు డబ్ డబ్ మంటోంది. వాగులో కాలు జారి పడ్డాడు. కడవలోకి నాలుగు దోసిళ్ళ నీళ్ళు పడ్డాయి. ఇంటి పెరటి గుమ్మం గేదెకు ఇరుకు. అది గోడకు తల ఆనించి, లోపలికి చూస్తూ, బుస కొడుతూ నిలబడిపోయింది. గుండన గుమ్మంలో కూలబడి కడవలోకి చూశాడు. పెరుగు చక్కగా చిలికి ఉంది. నీళ్ళు సరిపోయాయి. పైన చేతెడు వెన్న కూడా తేలింది.

పందిట్లో సుధన్వుడు మెడ దాకా టేకు అయ్యాడు. కుడిచెయ్యి ఒక్కటి ఇంకా మనిషిది. అది ముద్ద కలుపుతోంది.

"ఏమిటది?" అంది కొసరమ్మ. ఆమె చేతిలో పులుసు గరిటె ఆగిపోయింది. వాసనకు ముక్కుపుటాలు అదిరాయి. "నా ఇంట్లో వడ్డన నాది. నేను తప్ప ఇంకెవరూ గరిటె ముట్టకూడదు."

"నేను వడ్డించడం లేదమ్మా. గరిటె కూడా ముట్టను. రుచి చూసి మహారాజుకు అందిస్తాను. అది నా ఉద్యోగం. ఇంతకుముందే మీరు మెచ్చుకున్నారు."

కొసరమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. మర్యాద మీద కట్టిన ఇల్లు అది. దాన్ని తానే తోసెయ్యలేదు.

గుండన దోసిట్లో కొంచెం తీసుకుని తాగాడు. "అందించు" అన్నాడు సుధన్వుడు, పెదాలు గట్టిపడుతుండగా.

"లెక్క" అన్నారు మహారాజు.

"నాన్నగారూ!"

"నూరు లెక్కపెట్టందే నేను ముట్టను. మా తాతగారు ఇరవైకే తాగేశారు. ఆయన విగ్రహం కోట గుమ్మంలో ఉంది."

గుండన లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పదికి యువరాజు గడ్డం గట్టిపడింది. ముప్ఫైకి చెవులు. చెవి వెనక ఒక ఆకు వేసింది. నలభై అయిదుకి ఆ ఆకు మీద ఒక గొంగళిపురుగు వచ్చి కూర్చుంది. యాభైకి కుడిచెయ్యి నెమ్మదించింది. అరవైకి కళ్ళు మాత్రం మిగిలాయి. ఆ కళ్ళు గుండననే చూస్తున్నాయి.

"అరవై ఒకటి" అన్నాడు గుండన. "తొంభై తొమ్మిది. నూరు. చిత్తం."

ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో అతను చేసిన తప్పు అదొక్కటే. మహారాజు కూడా విన్నారు. ఆయన కూడా ఆ కళ్ళకేసే చూస్తున్నారు.

గుండన కడవ వంచాడు. తండ్రి విస్తరిలో, తర్వాత కొడుకు విస్తరిలో. మహారాజు ఒక ముద్ద తాను తిని, ఒక ముద్ద కలిపి, ఇంకా పూర్తిగా మూసుకోని కొడుకు పెదాల మధ్య తన చేత్తో పెట్టారు. కాసేపు ఏమీ కాలేదు. ఆపైన సుధన్వుడి గొంతులో 'గుటుక్' మంది. చెవి వెనక ఆకు రాలింది. గొంగళిపురుగు దానితోపాటు కిందపడి, మరో చోటు వెతుక్కుంటూ వెళ్ళింది.

రెండు పీటలూ 'టక్' మన్నాయి. పెద్దవారు కనక మహారాజు ముందు లేచారు. మూడేళ్ళ తర్వాత లేవడం కాబట్టి కొడుకు భుజం పట్టుకుని లేచారు. కొడుకు కాళ్ళు కూడా ఇంకా కొయ్యవే కాబట్టి ఇద్దరూ కాసేపు ఊగారు. బెరడు పైనుంచి కిందకి నెమ్మదిగా కరుగుతోంది. మోకాళ్ళ దగ్గర ఆగి ఆలోచిస్తోంది.

"పదండి" అన్నాడు సుధన్వుడు.

వీధి గుమ్మం ఉండాల్సిన చోట గోడ ఉంది. పెరటి గుమ్మం ఉండాల్సిన చోటా గోడే ఉంది. దాని అవతల గేదె బుస వినిపిస్తోంది.

కొసరమ్మ జుట్టు సగం నెరిసింది. ముఖాన గీతలు పడ్డాయి. గొంతు మాత్రం అలాగే ఉంది. "ఒకరు తినలేదుగా నాయనా" అంది గుండనతో. "నిన్ను కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి పోనిచ్చాను గానీ, ఈ ఇంట్లోంచి తినకుండా ఎవరూ వెళ్ళలేదు. మీ రాజుగారు లేచారు. ఇక నీకు నియమం అడ్డం లేదు. కూర్చో." ఆమె కొత్త విస్తరి వేసింది.

గుండన విస్తరికేసి చూశాడు. యువరాజు మోకాళ్ళకేసి చూశాడు. గోడకేసి చూశాడు.

"మీరు తిన్నారామ్మా?" అని అడిగాడు.

కొసరమ్మ గరిటె పట్టుకున్న చెయ్యి కిందకి దిగింది. "నేనా?"

"మీరే. పొద్దుటినుంచీ వడ్డిస్తూనే ఉన్నారు."

"ఎవరూ..." అని ఆగింది. "నేను తింటే వడ్డించేదెవరు?"

"వడ్డించినవాళ్ళు ఆఖరి పంక్తిలో తినాలి కదమ్మా. మీరు కూర్చుంటే నేనూ కూర్చుంటాను."

కొసరమ్మ ఆలోచించింది. ఆమె ఆలోచించడం ముఖంలో కనిపించింది. కొత్త పంక్తి అంటే మళ్ళీ పప్పు, కూర, పులుసు, చారు. ఇద్దరున్న పంక్తిలో ఇద్దరూ ఎంత నెమ్మదిగా తింటే అంత. వడ్డించేవాడు పప్పు దగ్గర మొదలుపెట్టినంత కాలం మజ్జిగకు తొందరేమీ ఉండదు. పైగా, ఆమె నెమ్మదిగా ఒప్పుకున్న సంగతి ఏమిటంటే, ఆకలిగా ఉంది.

ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. రెండు పీటలూ 'టక్' మన్నాయి. గుండన ఎడమ బొటనవేలు చల్లబడింది.

వడ్డించడానికి సుధన్వుడు ముందుకు రాబోయి, కొయ్యకాలు మడతపడక గోడకు ఆనుకున్నాడు. కాబట్టి మహారాజే వంగారు. ఆయన పుట్టి యాభై ఆరేళ్ళయింది. ఒక్కనాడూ ఎవరికీ ఏదీ వడ్డించలేదు. వంటలన్నిటికేసీ ఒకసారి చూసి, అన్నిటికంటే దగ్గరగా ఉన్న కడవ ఎత్తి, కొసరమ్మ ఖాళీ విస్తరిలో ధారాళంగా మజ్జిగ పోశారు. అది ఆకు మీదుగా నాలుగు వైపులా పారింది.

గోడ అవతల గేదె ఊపిరి బిగబట్టింది.

"మహారాజా" అంది కొసరమ్మ. "మజ్జిగ ఆఖర్న."

"అలాగా అమ్మా?" అన్నారాయన నొచ్చుకుంటూ. "మూడేళ్ళుగా చూస్తున్నాను, ఇవాళ్టిదాకా నాకు మీ ఇంట్లో ఆఖరు రాలేదు. అందుకని తెలియలేదు. అన్నం ముందా?"

"అన్నం ముందు."

ఆయన గంప ఎత్తి అన్నం పెట్టారు. సగం నేల మీద పడింది. గుండన విస్తరిలోనూ అన్నం, మజ్జిగ పడ్డాయి. వడ్డించినదాన్ని వెనక్కి తీసుకోవడం ఏ ఇంట్లోనూ లేదు. ఆ ఇంట్లో అసలే లేదు.

కొసరమ్మ విస్తరికేసి చాలాసేపు చూసింది. తర్వాత కలిపింది. ఒక ముద్ద తిన్నది. గేదె వెన్న నాలుకకు తగిలిందేమో, కళ్ళు మూసుకుంది. "ఇది మా గౌరి పాలే" అంది.

గోడ అవతలినుంచి చిన్నగా అరుపు వినిపించింది.

"ఇంకొంచెం వేసుకోండమ్మా" అన్నారు మహారాజు. పోశారు. ఆమె తిన్నది. "మొహమాటపడకండి." ఆమె తిన్నది. ఆయనకు ఆ పని నచ్చింది. ఒక మనిషి ముద్ద మింగేటప్పుడు ఎదుట నుంచుని చూడడంలో ఇంత తృప్తి ఉంటుందని ఎవరూ చెప్పలేదు. "ఇంకొక్కసారి. మీరేమీ తినలేదు."

"నాన్నగారూ" అన్నాడు సుధన్వుడు మెల్లగా.

తన మజ్జిగ ముగిసినా పంక్తి ముగియలేదు కనక, గుండన ఎడమకాలు మోకాలి దాకా టేకు అయింది. అతని విస్తరి ఎప్పుడో ఖాళీ అయింది. కానీ పంక్తిలో పెద్ద ఆమే. ఆమె లేవందే అతను లేవకూడదు. ఆమె లేస్తే ఆమెకు ఏమవుతుందో నలుగురికీ తెలుసు. కడవలో ఇంకా ఉంది. మహారాజు కడవ వంచబోయారు. గుండన మాత్రం ఆమెను తొందరపెట్టలేదు. చేతిలో ఉన్న ఆఖరి నాలుగు మెతుకులు ఒక్కొక్కటిగా తింటూ కూర్చున్నాడు.

కొసరమ్మ తలెత్తింది. ముఖం పూర్తిగా ముసలిదైంది. ఆ ముఖంతో మహారాజుకేసి, గుండన మోకాలికేసి, వెలుతురు వైపు దారి వెతుకుతున్న యువరాజుకేసి చూసింది. రెండు చేతులూ విస్తరి మీద అడ్డం పెట్టింది.

"చాలు నాయనా" అంది. "కడుపు నిండింది."

లేచింది. గుండన పీట 'టక్' మంది. ఆమె చెయ్యి కడుక్కోవడానికి పెరటివైపు నడిచింది. ఆమెకు గోడ అడ్డం రాలేదు. గుమ్మం తెరుచుకుంది. అవతల గేదె తల వంచి ఆమె చెయ్యి నాకడం ముగ్గురూ చూశారు. నాకడం అయ్యేసరికి అక్కడ చెయ్యి లేదు. ఎండ పడుతోంది.

అప్పుడు మొదటి దూలం విరిగింది. చెక్కిన నెమళ్ళు కూలాయి, దీపాలు వాటితోపాటు దొర్లాయి, ఎక్కడో నేతిజాడీ పగిలి మంట లేచింది. పందిరి ఒక మూల నుంచి చాప చుట్టినట్టు చుట్టుకుపోవడం మొదలుపెట్టింది.

"గుండన్నా, పరుగెత్తు!"

"చిత్తం" అన్నాడు గుండన.

ఈలోగా కాళ్ళ మీది బెరడు కరిగిపోయిన సుధన్వుడు, ఇంకా పరుగెత్తలేని తండ్రిని వీపు మీద వేసుకున్నాడు. గుమ్మం దాటారు. ఇల్లు వెనక పడిపోతోంది. వాగుకు పక్కగా, ముందు అరకోసు ముళ్ళకంప. దాని అవతల, రాజ్యానికి వెళ్ళే దారి మీద, చెట్ల మీదుగా, సేనాపతి దండు ఎర్రజెండాలు కనిపిస్తున్నాయి. బోయవాడు ఎవరికో చెప్పనే చెప్పినట్టున్నాడు.

యువరాజు ఆగాడు. గుండన ఆగకుండా ముళ్ళలోకి ఎడమకాలు ముందు పెట్టాడు. కొయ్యకాలికి ముళ్ళు గుచ్చుకోవు. అదొక మేలు.